ఆరో బ్లాకు వంటింటి గోడ

గులాబీ బాగ్ క్వార్టర్లు, అమీర్‌పేట
12 సెప్టెంబర్ 2024

దాదీమాకు మదీహా సలాములు.

ఫోన్ చేసి ఇక్కడ వానలు పడుతున్నాయంటే నువ్వు "ఆఁ, తిన్న, తిన్న" అంటావు. వీడియో కాల్ చేస్తే ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటావు. నాకు నీ చెవి కమ్మ తప్ప ఏమీ కనిపించదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వుంటున్న నీ కూతురు, మా ఫుఫు ఇంటి కింద మెడికల్ షాపు నడిపే అజీమ్ భాయ్ తెలుగు మీడియంలో చదివాడట. ఆయన ఎదురుగా కూర్చుని మెల్లగా చదివితే పెదవులు చూసి నువ్వు అంతా పట్టేస్తావని ఫుఫు చెప్పింది. నాయనమ్మకు ఉత్తరం రాసే మనవరాళ్లు ఈ కాలంలో ఎవరూ ఉండరని పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే ఆమె నవ్వింది.

ఇక్కడ అందరం బాగున్నాం. ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడటానికి వచ్చే జనంతో పంజగుట్ట దాకా బండ్లు కదలడం లేదు. అబ్బా నిన్న ఆటోను మెట్రో స్తంభం కింద ఆపి అందులోనే నిద్రపోయాడు. అమ్మీ అన్నం డబ్బా అక్కడికే పంపింది.

అసలు సంగతి వేరే. నువ్వు జహీరాబాద్ వెళ్లిన రోజు పెచ్చులూడిన కప్పు ఇంకా అలాగే ఉంది. హౌసింగ్ బోర్డు వాళ్లు బాగు చేయరు. మన పన్నెండు బ్లాకులూ కూల్చేసి, వాటి జాగాలో పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కడతారట. అందులో మనకూ ఇస్తామంటున్నారు గానీ, ఎప్పటికో ఎవరికీ తెలియదు. అయితే పాత కట్టడాల కమిటీ అని ఒకటి అడ్డుపడింది. సర్కారు పేదవాళ్లకు, కార్మికులకు తొలినాళ్లలో ఎలాంటి ఇళ్లు కట్టిచ్చిందో రాబోయే తరాలకు తెలియాలి కాబట్టి ఒక్క బ్లాకును ఉంచాలంది. బోర్డు ఒప్పుకుంది. ఆ ఒక్కదాన్ని మరమ్మతు చేస్తారు, అందులో ఉన్నవాళ్లు అందులోనే ఉంటారు. ఏ బ్లాకు మొదట కట్టినప్పటి రూపానికి అన్నిటికంటే దగ్గరగా ఉంటే అదే.

అది మన ఆరో బ్లాకే కావాలి దాదీమా. బోర్డు ఆఫీసుకు తిరిగి తిరిగి పాత ప్లాను నకలు తెచ్చాను. మన ఇంట్లో బడి ముఖం చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆ గీతలు నేను కాకపోతే ఎవరు చదువుతారు? ఎక్కడ గోడ, ఎక్కడ కిటికీ, అన్నీ అందులో ఉన్నాయి.

నువ్వు కొత్తగా వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉండేదో రాయించు. వంటింట్లో ఆల్మారీ వెనక గోడ చెడిపోయినట్టుంది. ఏం చేయమంటావు?

నీ మదీహా


జహీరాబాద్
25 సెప్టెంబర్ 2024

మదీహా బేటీకి దాదీ దువాలు.

నేను చెప్తున్న, అజీమ్ రాస్తుండు. చేతిరాత మస్తుగున్నదని మీ ఫుఫు అంటున్నది. నాకైతే చీమలు పాకినట్టున్నది. (ఇది కూడా రాయమన్నది. - అజీమ్)

మేమొచ్చినప్పుడు ఇల్లు ఎట్లుండె అని అడిగినవు. సున్నం వాసన. ఎర్ర గచ్చు. అంతకుముందు చింతల్ బస్తీల ఒక్క అర్రల మా అత్త, మామ, మరుదులు, మేము. వంట చేస్తుంటే ఎవలో ఒకలు నన్ను దాటుకుంట పోయేటోళ్లు. మీ దాదా బాబూ మియా అప్పుడు ఆర్టీసీ డిపోల మెకానిక్. క్వార్టర్ల చిట్టీల ఆయన పేరొచ్చిందంటే నమ్మక, ఇంకొక బాబూ మియాది అనుకొని రెండు దినాలు ఊకున్నడు. తాళంచెవి ఇచ్చిన్నాడు సైకిలు మీద నన్ను తీస్కొచ్చిండు. తలుపు తీసి లోపట అటు ఒక అర్ర, ఇటు ఒక అర్ర చూసి, రెండో అర్రల ఎవలుంటరు అని అడిగిన. నువ్వే ఉండు అన్నడు. నవ్వొచ్చింది నాకు.

పక్క ఇంట్ల చక్రపాణి, ఆయన భార్య రత్నమాల. తెనాలి దిక్కోళ్లు. ఆయన ఆఫీసుల క్లర్కు. ఆమె మాట నాకు సగం తెలుస్తుండె, నా మాట ఆమెకు సగం తెలుస్తుండె. నాకు చెవుడు గద, అందుకే మా ఇద్దరికి మంచిగ కుదిరింది. నువ్వు మూడేండ్ల పిల్లవున్నప్పుడు వాళ్లు శ్రీనగర్ కాలనీల ఇల్లు కొనుక్కొని పోయిన్రు. పోయిన్నాడు ఆమె ఏడ్చింది, నేను ఏడవలె. ఇంటికొచ్చి ఏడ్చిన.

ఆ ఆల్మారీని మీ అబ్బా తర్వాత పెట్టిండు. అది పెట్టిన్నాటి సంది ఆ వంటింట్ల నాకు ఊపిరాడలె. దాన్ని తీసెయ్ బిడ్డా. తీసి, గోడ మా కాలంల ఎట్లుండెనో గట్ల మంచిగ చేయించు. గట్ల చేస్తే పొద్దుగాల బస్సుకే వస్త. ఈడ మీ ఫుఫు మంచిగనే చూస్తది. కాని ఈడ నల్లా లేదు, బోరు. బోరు నీళ్లతోని చాయ్ చేస్తే చాయ్ కాదు, కషాయం.

నీ నౌకరీ పరీక్ష ఫలితం వచ్చిందా?

దాదీ కుల్సుం


గులాబీ బాగ్ క్వార్టర్లు
20 అక్టోబర్ 2024

ప్రియమైన దాదీమా,

నువ్వు చెప్పినట్టే చేయించాను. ముందు ఆ మాట చెప్పాలని ఉంది.

ప్లాను పట్టుకుని బ్లాకులోని ఎనిమిది ఇళ్లూ తిరిగాను. మొదట అందరూ నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. పై ఇంటి బుచ్చమ్మత్త సంగతి నీకు తెలుసు కదా. బాల్కనీలో తులసికోట ప్లానులో లేదు, తీయాలి అన్నాను. "నీ ప్లానుల నేనున్నన్నా? నన్ను సుత తీసెయ్" అంది. మూడు రోజులు బతిమాలితే, ఇల్లు నిలుస్తుందంటే, మొక్కను బకెట్లోకి మార్చి దిమ్మె కొట్టించింది. మెట్ల కింద మధ్యాహ్నాలు అందరూ కూర్చునే బండ అరుగునూ తీయించాం. దాన్ని మొదట్లో వేసింది దాదానేనట. ప్లానులో అక్కడ ఖాళీ ఉంది దాదీమా.

చివరికి మన వంటిల్లు. ఆల్మారీ జరిపితే వెనక పెద్ద రంధ్రం! మనిషి తల పట్టేంత ఉంది. అంచులన్నీ వంకరటింకర, నల్లగా నూనె జిడ్డు. అవతలి వైపు రత్నమాలగారి ఇంట్లో ఇప్పుడు మైత్రీవనంలో కోచింగ్ తీసుకునే అమ్మాయిలు అద్దెకున్నారు. వాళ్ల వైపు దాని మీద పాత దేవుడి క్యాలెండరు వేలాడుతోందట. క్యాలెండరు వెనక నుంచి గాలి వస్తుంటే దయ్యమనుకునేదాన్నని వాళ్లలో హరిణి అనే అమ్మాయి చెప్పింది. మేస్త్రీని పిలిచి ఇటుకలు పేర్పించి, రెండు వైపులా సిమెంటు గిలాబు చేయించి, సున్నం కొట్టించాను. ఇప్పుడు గోడ ప్లానులో గీసిన గీతలాగ ఉంది.

అబ్బా వచ్చి చూసి చాలాసేపు నిలబడ్డాడు. "కమిటీకి గిట్లనే కావాల్నా?" అని అడిగాడు. అవునన్నాను. "సరే. చదువుకున్నదానివి" అని ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటకు నాకు చాలా సంతోషం వేసింది.

వచ్చే నెల కమిటీ వస్తుంది. నువ్వు దానికి ముందే వచ్చెయ్. అబ్బా బస్టాండుకు వస్తాడు. ఏ రోజు వస్తావో రాయించు.

నీ మదీహా


జహీరాబాద్
2 నవంబర్ 2024

మదీహాకు,

ఉత్తరం అందింది. మంచిగ చేసినవ్ బిడ్డా. చదువుకున్నదానివి, నీకు తెలిసినట్టు చేసినవ్.

నేను ఇప్పుడు రాను. ఈడ మంచిగనే ఉన్న. చలి తగ్గినంక చూద్దాం. మీ అబ్బాను టైముకు తినమను.

దాదీ

(దాదీ ఇంకొంచెం చెప్పింది. కాగితం అయిపోయింది. - అజీమ్)


గులాబీ బాగ్ క్వార్టర్లు
1 డిసెంబర్ 2024

దాదీమా,

నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. నేను ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిని నీ ఇల్లు నిలబెడుతుంటే, నీకు ఫుఫు ఇల్లే బాగుందన్నమాట అనుకున్నాను. ఇరవై రోజులకు పైగా నీకు జవాబు రాయలేదు. ఆ కోపం నిన్న మధ్యాహ్నం దాకా ఉంది.

నిన్న కమిటీ వచ్చింది. వాళ్లకు పెద్ద వీరవెంకటసత్యనారాయణగారని రిటైరైన ఇంజనీరు. భీమవరం వైపు మనిషి. అంత పేరు పిలవలేక అందరూ సత్యనారాయణగారే అంటారు. టేపు పెట్టి మెట్లూ కిటికీలూ కొలిచారు. నా చేతిలో ప్లాను చూసి, "ఏంటమ్మా, ఆర్కిటెక్టువా?" అన్నారు. డిగ్రీ అన్నాను. "మొన్నటిదాకా జనం ఉంటున్న పది బ్లాకులు చూశాం. అన్నీ పగలగొట్టి, అతికించి, గుర్తుపట్టలేకుండా చేశారు. మీది ఒక్కటే నీటుగా ఉంది" అన్నారు. మన బ్లాకు వాళ్లందరూ నన్ను చూశారు. దాదీమా, నా కాళ్లు నేల మీద లేవు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. తెల్లని జడ, చేతిలో కర్ర, పక్కన మనవరాలు ధాత్రి. రత్నమాలగారు! పాత బ్లాకులు కూలుస్తారని విని చూడటానికి వచ్చారట. నేను బాబూ మియా మనవరాలినంటే నా గడ్డం పట్టుకుని, "అచ్చం కుల్సుమే. ఏదీ, ఎక్కడుంది?" అన్నారు. ఊళ్లో లేవన్నాను. "సరే, మా కిటికీ చూపించమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడ నేరుగా మన వంటింట్లోకి నడిచి గోడ ముందు నిలబడ్డారు. చేయి పెట్టి తడిమారు. గిలాబు కొత్తదని చేతికి అంటిన సున్నంతో తెలిసింది. "ఏంటిది? ఎవరు మూశారు?" అన్నారు.

నేనే అని చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. అమ్మీ వేసిన కుర్చీలో కూర్చుని, అక్కడున్నవాళ్లందరి ముందూ చెప్పారు. అప్పట్లో బ్లాకు మొత్తానికీ వాకిట్లో ఒకటే నల్లా. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ముందు చూసినవాళ్లు "నల్లా!" అని కేక వేస్తే అందరూ బిందెలతో పరుగెత్తేవారు. నీకు ఆ కేక వినపడేది కాదు. తలుపు కొట్టినా వినపడేది కాదు. నువ్వు వెళ్లేసరికి నీళ్లు ఆగిపోయేవి. ఒకరోజు నువ్వు ఖాళీ బిందెతో వెనక్కు వెళ్లడం చూసి, ఆవిడ వంటింటి గోడలో వదులుగా ఉన్న ఇటుక ఒకటి ఊడబెరికారు. అందులోంచి చేయి పెట్టి నీ మొహం మీద నీళ్లు చల్లారు. మొహం తడిస్తే నల్లా వచ్చినట్టు. "మొదటిసారి దయ్యమని గరిటె విసిరింది నా మీదకి. ఆ సొట్ట ఇంకా నా మోచేతి మీదుంది" అని చెయ్యి చూపించారు. ఆ తర్వాత గిన్నె పట్టడానికి ఇంకో ఇటుక, నీ మొహం కనిపించి మాట తెలియడానికి మరో రెండు. ఆ నూనె జిడ్డు మీ ఇద్దరి మోచేతులదేనట.

నేను అది ఎలుకలు తవ్విన కన్నం అనుకున్నాను దాదీమా.

సత్యనారాయణగారు అంతా విని, "బాగుందండీ. కానీ రూలు ప్రకారం మూసి ఉంచడమే కరెక్టు. సంక్రాంతి దాటాక ఇంకోసారి వచ్చి ఖాయం చేస్తాం" అని వెళ్లిపోయారు. రత్నమాలగారు వెళ్తూ ఇంకోసారి గోడ తట్టారు.

నువ్వు ఎందుకు రానన్నావో ఇప్పుడు తెలిసింది. ఏం చేయమంటావో చెప్పు. ఈసారి నువ్వు చెప్పింది చెప్పినట్టు రాయమని అజీమ్ భాయ్‌కి నా మాటగా చెప్పు.

నీ మదీహా


జహీరాబాద్
14 డిసెంబర్ 2024

(మదీహాగారూ, ముందు నన్ను మాఫ్ చేయండి. పోయినసారి కాగితం అయిపోలేదు. దాదీ చెప్పింది రాస్తే మీరు బాధపడతారని నేనే ఆపిన. "ఆ గోడతో నన్ను మళ్లీ చెవిటిదాన్ని చేసింది" అన్నది. ఇకనుంచి ఏదీ ఆపను. - అజీమ్)

మదీహా బేటీకి దువాలు.

రత్నమాల వచ్చిందా! కర్ర పట్టిందా? నాకంటె రెండేండ్లు చిన్నది, కర్రేంది ఆమెకు? ఆ మోచేతి దెబ్బ సంగతి అబద్ధం. నేను విసిరింది గరిటె కాదు, చపాతీల కర్ర.

ఖిడ్కీ సంగతి నీకు తెలుసనుకున్న. మా ఇంట్ల అది తెల్వనిదెవలకు? మీ అబ్బా చిన్నప్పుడు అందులకెల్లి దూరి వాళ్లింట్లకు పోయి పెరుగన్నం తినొచ్చెటోడు. ఒకనాడు నడుమ ఇరుక్కున్నడు. రత్నమాల తల దిక్కు, నేను కాళ్ల దిక్కు. ఆమె గుంజకు గుంజకు అంటున్నది, నాకు వినబడదాయె, నేను గుంజుతనే ఉన్న.

వాళ్లు మాంసం ముట్టరు. మేము వండిన్నాడు నేను దానికి గుడ్డ అడ్డం కట్టేదాన్ని. చానా ఏండ్లు గట్లనే చేసిన. ఒకనాడు ఆమెనే గుడ్డ తీసి తల పెట్టి, "వాసన బాగానే ఉంది గానీ, అందులో ఏం మసాలా వేస్తావేంటి?" అని అడిగింది. చెప్పిన. ఆ మసాలా ఆమె వంకాయల వేసింది. చక్రపాణి రెండుసార్లు పెట్టించుకున్నడట.

బోర్డు ఇన్స్పెక్టరు వచ్చిండంటే మా దిక్కు ఆర్టీసీ క్యాలెండరు, వాళ్ల దిక్కు దేవుని క్యాలెండరు. ఆ ఇన్స్పెక్టరు ఒకనాడు మా క్యాలెండరు చూసి, "మే నెలల ఉన్నం, ఇంకా జనవరే పెట్టిన్రేంది?" అన్నడు. మీ దాదా గజగజ వణికిండు.

గోడ మూసినందుకు నాకు మస్తు బాధయింది. అబద్ధం చెప్ప. కాని ఇప్పుడు విను. మళ్ల తెరవకు. రత్నమాల ఏడనో ఉన్నది, నేను ఏడనో ఉన్న. ఖిడ్కీకి అటుదిక్కు ఎవలున్నరు, ఇటుదిక్కు ఎవలున్నరు? ఎనిమిది ఇండ్లోళ్ల జాగ అది. బుచ్చమ్మకు ఇంకో ఇల్లు లేదు. నా ఒక్కదాని యాది కోసం అందరి ఇల్లు పోవద్దు. ఇది దాదీ హుకుం.

దాదీ కుల్సుం

(ఈ ఉత్తరం చెప్పేటప్పుడు రెండుసార్లు ఆగింది. అన్నీ రాయమన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్న. - అజీమ్)


గులాబీ బాగ్ క్వార్టర్లు
26 జనవరి 2025

దాదీమా,

నీ హుకుం తప్పాను. కానీ నేనొక్కదాన్నే తప్పలేదు.

నీ ఉత్తరం పట్టుకుని కొన్ని రోజులు ఊరికే తిరిగాను. పొద్దున వంటింట్లోకి వెళ్తే ఆ గోడ తెల్లగా నన్నే చూస్తున్నట్టు ఉండేది. అది నా ఒక్కదాని ఇల్లయితే ఆ రోజే పగలగొట్టేదాన్ని. నువ్వు చెప్పింది నిజం, ఎనిమిది ఇళ్ల సంగతి. అందుకే ఒక ఆదివారం మెట్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టాను. కూర్చోబెట్టానంటే, నిలబెట్టాను. అరుగు తీసేశాం కదా.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అబ్బా నడుమ ఇరుక్కున్న చోట అందరూ నవ్వారు. అబ్బా అక్కడే ఉన్నాడు, తల వంచుకున్నాడు. తర్వాత అడిగాను. కిటికీ తెరిస్తే మన బ్లాకు పోవచ్చు. మూసి ఉంచితే దాదాపు ఖాయం. మీరు వద్దంటే నేను ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను.

మొదట నోరు తెరిచింది బుచ్చమ్మత్త. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా.

"నీకిప్పుడు తెలిసొచ్చిందా? మీ దాదీ ఖిడ్కీ అంటె ఖిడ్కీ, నా తులసమ్మ అంటె బకెట్లనా? దినాం పొద్దున లేచి బకెట్ చుట్టు తిరుగుతున్న, ఇంటోళ్లంత నవ్వుతుండ్రు."

"మరి ఇల్లు, అత్తా?"

"ఉంచితె ఉంచుతరు, కూల్చితె కూల్చుతరు. కూల్చే దినం దాకనన్న నా ఇంట్ల నేనుండాలె గద! ఇప్పుడు ఎవలింట్లనో ఉన్నట్టున్నది నాకు."

అంతే. ఆమె తర్వాత అందరూ మొదలుపెట్టారు. ఒకరికి ఉయ్యాల కొక్కెం, ఒకరికి దర్వాజ పక్క దీపం గూడు. నేను నీటుగా ఉండాలని ఎన్ని పీకించానో అప్పుడు లెక్క తెలిసింది. కింది ఇంటి రుద్రమ్మ ఒక్కతే వద్దంది. ఆమె కొడుకు కొత్తగా పెళ్లి చేసుకున్నాడు, ఎక్కడికీ పోలేమంది. ఆమె భయం నాకు అర్థమైంది. సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. చివరికి ఆమె, "నా వద్దు నా నోట్లనే ఉండనియ్యి. అందరితోని నేనుంట" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగా ఉంది.

గోడ అబ్బానే తెరిచాడు. మేస్త్రీని పిలుస్తానంటే వద్దన్నాడు. సుత్తెతో కాదు, పాత ఇటుకలకు దెబ్బ తగలకుండా ఉలితో, మెల్లగా. అవతల హరిణి వాళ్లు బకెట్లతో పెళ్లలు ఎత్తారు. తెరిచాక అబ్బా అందులోంచి అటు చూసి, "మస్తు చిన్నగ అయింది ఇది. అప్పుడు పెద్దగుండె" అన్నాడు. ఇది చిన్నది కాలేదు, నువ్వు పెద్దయ్యావు అంది అమ్మీ.

మొన్న సత్యనారాయణగారు రెండోసారి వచ్చారు. మేం మళ్లీ కట్టించిన తులసికోట చూశారు, అరుగు చూశారు. వంటింట్లో నిలబడి, "ఏంటమ్మా ఇది? పోయినసారి లేదే!" అన్నారు. "ఉందండీ, మేం మూశాం" అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాకు నచ్చింది. నా రూలుకు నచ్చదు" అన్నారు. ఏదో రాసుకుని వెళ్లారు. ఏం రాశారో తెలియదు.

ఇంకో కబురు. పరీక్షలో నేను పాసయ్యాను. ఉద్యోగం కామారెడ్డిలో. వచ్చే నెల చేరాలి. నేను వెళ్లేలోపు నువ్వు రావాలి. కిటికీకి ఇటుదిక్కు ఎవరున్నారని అడిగావు కదా, దానికి జవాబు నువ్వే.

నీ మదీహా


గులాబీ బాగ్ క్వార్టర్లు, అమీర్‌పేట
8 జూన్ 2025

కామారెడ్డిల ఉన్న మదీహా బేటీకి దాదీ దువాలు.

ఈ ఉత్తరం పక్కింటి హరిణి రాస్తున్నది. పిల్లది అటుదిక్కు స్టూలు మీద కూసున్నది, నేను ఇటుదిక్కు పీట మీద కూసున్న. నడుమ ఖిడ్కీల కాగితం. చాయ్ గ్లాసులు సుత అందులనే ఉన్నయ్, జర చూస్కొని రాయమంటున్న. (అక్కా, నేను హరిణిని. ఒక చుక్క పడింది, అందుకే పైన మరక. నాయనమ్మగారు నాకు రోజూ ఇంగ్లీషు పదాలు అప్పజెప్పించుకుంటున్నారు. ఆవిడకి వినపడదు కాబట్టి తప్పు చెప్పినా "శభాష్" అంటారు.)

నిన్న బోర్డు నుంచి మనిషొచ్చి కాగితం అంటించి పోయిండు. మన బ్లాకు కాదు బిడ్డా. రెండో బ్లాకును ఉంచుతరట. ఆ గేటు కాడిది, బోర్డోళ్లు సిమెంటు మూటలు, పాత కుర్చీలు పెట్టుకున్నరు చూడు, అది. కట్టిన్నాటి సంది అందుల ఒక్క సంసారం సుత ఉండలె. అందుకే అది ప్లాను లెక్క ఉన్నదట. బుచ్చమ్మ పైనుంచి ఒర్రింది. ఏమన్నదో నాకు వినబడలె, హరిణి చెప్పింది. "ఎవ్వలు లేని ఇల్లే మంచిగుంటది, మనుషులుంటెనే ఖరాబయితది" అన్నదట.

నువ్వు ఏడుస్తవని తెలుసు. నా వల్ల పోయింది అని అనుకుంటవు. అనుకోకు. రుద్రమ్మ పొద్దున వచ్చింది. తిట్టనీకె వచ్చిందేమో అనుకున్న. కోడలికి నెల తప్పిందని చెప్పనీకె వచ్చింది. పోయేటప్పుడు మాత్రం "మీ మదీహా గోడ తెరవకుంటె..." అని ఆగింది. నేను అవును అన్న. ఆమె బాధ ఉత్తది కాదు. ఆమెకు నువ్వు ఒక ఉత్తరం రాయి.

కూల్చేది వచ్చే ఏడాది వానలు పోయినంకనట. అందాక మేమందరం ఈడనే. ప్రతి శుక్రవారం ధాత్రి రత్నమాలను కారుల దింపి పోతది. ఆమె హరిణి వాళ్లింట్ల కూసుంటది, నేను నా ఇంట్ల కూసుంట. ఇంట్లకు రా, పక్కన కూసో అంటె రాదు. ఇట్లనే బాగుందంటది. అజీమ్ మీ ఫుఫుకు ఫోన్ చేసి, ఇప్పుడు దాదీకి ఉత్తరాలు ఎవలు రాస్తుండ్రని అడిగిండట. పిల్లగానికి ఫికరైతున్నది. నీ కామారెడ్డి అడ్రసు ఇయ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు.

ఇంకొకటి చెప్పి ఆపుత. మొన్న బోర్డు నుంచి ఒక పడుచు ఇంజనీరు వచ్చిండు. అజహర్ అట పేరు, మంచి పిల్లగాడు. మనకిచ్చే కొత్త అపార్టుమెంట్లు ఎట్ల కావాలె అని ఇంటింటికి అడుగుతుండు. ఒకలు ఏసీ పెట్టనీకె జాగ కావాలన్నరు, ఒకలు లిఫ్టు పెద్దగ కావాలన్నరు. నన్ను సుత అడిగిండు, ఎదురుంగ కూసొని, నాకు తెలిసేటట్టు మెల్లగ. నేను రెండే చెప్పిన. ఈ ఎనిమిది ఇండ్లోళ్లకు పక్కపక్కనే ఇయ్యి అన్న. రాసుకున్నడు. వంటింటికి, పక్కోళ్ల వంటింటికి నడుమ గోడ జర పల్చగ కట్టు అన్న.

పెన్ను ఆపి నన్ను చూసిండు. "పల్చగ ఎందుకు దాదీ? పక్కింటోళ్ల చప్పుడంత వినిపిస్తది గద?"

"నాకు చెవుడు బిడ్డా" అన్న. "నువ్వైతే పల్చగ కట్టు. తర్వాత పని మేం చూసుకుంటం."

దాదీ కుల్సుం